ఒక పెళ్లి వీడియో, మూడు కంప్యూటర్లు: కోడెక్ చిక్కులు లేకుండా ఎడిటింగ్ చేసే పద్ధతి

అమలాపురంలో షూటింగ్, భీమవరంలో విండోస్ కంప్యూటర్‌పై ఎడిటింగ్, హైదరాబాద్‌లో మ్యాక్‌పై కలర్ గ్రేడింగ్ (రంగులు దిద్దడం). గోదావరి జిల్లాల వీడియోగ్రాఫర్లకు ఇప్పుడు ఇది మామూలే. ఈ దారిలో పనిచేసేవారు అడిగే ప్రశ్నలూ ఇంచుమించు ఒకటే. “మాట వినిపిస్తోంది, బొమ్మ రావడం లేదు.” “నా దగ్గర బాగానే ఆడింది, ఆయన దగ్గర తెర నల్లగా ఉంది.” “మంత్రానికీ పంతులుగారి పెదవులకూ పొంతన కుదరడం లేదు.”

ఈ చిక్కులన్నీ ఎడిటింగ్ టేబుల్ దగ్గర బయటపడతాయి, కానీ పుట్టేది షూటింగ్ రోజునే. అందుకే మొదటి కట్ వేయకముందే వీటిని తేల్చుకోవాలి. సగం పాటలు కట్ చేశాక ఫార్మాట్ మార్చడం మొదలుపెడితే పేర్లు తప్పుతాయి, లింకులు తెగుతాయి, రెండు రోజుల పని వారానికి సాగుతుంది. కింది మెట్లను ఇదే వరుసలో పాటించండి.

## 1. డబ్బా వేరు, సరుకు వేరు

ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి. లోపల బెల్లంతో చేసినవా పంచదారతో చేసినవా అన్నది మూత తీస్తేనే తెలుస్తుంది. ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ, ఎంఎక్స్ఎఫ్ అలాంటి డబ్బాలే. లోపలి బొమ్మను ఏ పద్ధతిలో కుదించారన్నదే కోడెక్. ఫైలు పేరు చివర ఎంఓవీ తీసేసి ఎంపీ4 అని రాసినంత మాత్రాన లోపల ఏమీ మారదు.

కోడెక్ పేరు తెలిసినా సరిపోదు. ఇంకో రెండు సంగతులు చూడాలి.

మొదటిది, ఫ్రేముల అమరిక. హెచ్.264, హెచ్.265 కోడెక్‌లు మామూలుగా లాంగ్ జీఓపీ పద్ధతిలో రాస్తాయి. అందులో కొన్ని ఫ్రేములే పూర్తి బొమ్మలు. మిగిలిన వాటిలో పక్క ఫ్రేములతో ఉన్న తేడాలు మాత్రమే ఉంటాయి. మీరు మాంగల్యధారణ మధ్యలో ఒక ఫ్రేము దగ్గర ఆగితే, కంప్యూటర్ వెనక్కి వెళ్లి పూర్తి ఫ్రేమును వెతికి, అక్కడి నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చే చోటు) బరువెక్కేది ఇందుకే. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్, సినిఫామ్ కోడెక్‌లలో ప్రతి ఫ్రేమూ స్వతంత్రంగా ఉంటుంది. ఫైలు పెద్దదవుతుంది, కత్తిరించడం తేలికవుతుంది.

రెండోది, బిట్ డెప్త్ (ఒక్కో రంగులో ఎన్ని ఛాయలు నమోదవుతాయన్నది), రంగుల వివరం (రంగు సమాచారం ఎంత మిగిలిందన్నది, 4:2:2లో 4:2:0 కన్నా ఎక్కువ). 8 బిట్ 4:2:0 ఒకటి, 10 బిట్ 4:2:2 ఒకటి. పేరుకు రెండూ హెచ్.265 కావచ్చు. కానీ మొదటిదాన్ని కాస్త కొత్త గ్రాఫిక్స్ చిప్పు ఏదైనా విప్పగలదు. రెండోదాన్ని ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులు కూడా చాలావరకు విప్పలేవు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లలోని అంతర్గత గ్రాఫిక్స్ నుంచి, ఆపిల్ ఎం1 చిప్పు నుంచి ఈ వసతి ఉంది. ఎన్విడియా కార్డుల్లో ఆర్టీఎక్స్ 50 సిరీస్‌తో వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో అంతర్గత గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి ఆ లాభమూ ఉండదు. కొత్త కంప్యూటర్ కొనేవారు దుకాణంలో ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే.

## 2. ముహూర్తానికి ముందే ఒక మాట మీదకు రండి

కెమెరా పట్టేవారు, ఎడిటర్, గ్రేడింగ్ చేసేవారు ఫోనులో ఒకసారి మాట్లాడుకుంటే చాలు, సగం బాధ తప్పుతుంది. ప్రతి కెమెరాతో, డ్రోన్‌తో, ఫోనుతో పది సెకన్ల క్లిప్పు తీసి అందరి కంప్యూటర్లలో తెరిచి చూడండి. ఆ పరీక్షలో తెరుచుకోని ఫార్మాట్‌తో పెళ్లి తీయకండి.

తేల్చుకోవలసినవి:

- ఫ్రేమ్ రేటు: అందరికీ 25, స్లో మోషన్‌కు 50. మన కరెంటు 50 హెర్ట్జ్. 30 ఫ్రేములతో తీసేవారు షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర ఉంచకపోతే కల్యాణ మండపం లైట్లు మిణుకుమంటాయి.
- కోడెక్: జట్టులో ఎవరి కంప్యూటర్ పాతదైనా హెచ్.264, 8 బిట్ 4:2:0. సోనీ కెమెరాల్లో ఇది ఎక్స్ఏవీసీ ఎస్ పేరుతో ఉంటుంది. ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ అంటే హెచ్.265.
- లాగ్‌లో (గ్రేడింగ్‌లో దిద్దుకోవడానికి వీలుగా రంగులు పాలిపోయినట్టు తీసే పద్ధతి) తీస్తారా, లేదా? తీస్తే 10 బిట్ తప్పనిసరి. అందరూ తీయాలి, లేదంటే ఎవరూ తీయకూడదు.
- ధ్వని: ప్రతి పరికరంలో 48 కిలోహెర్ట్జ్.

గ్రేడింగ్ మీద పెద్దగా ఖర్చు పెట్టని పెళ్లికి లాగ్ వద్దని నా అభిప్రాయం. అర్ధరాత్రి ముహూర్తంలో, హోమం పొగలో, సరిగా వెలుతురు పడని చోట లాగ్‌లో తీసిన ముఖాలను తర్వాత దారికి తేవడం చాలా శ్రమ.

## 3. కార్డును ఉన్నది ఉన్నట్టుగా దించండి

వీడియో ఫైళ్లను మాత్రమే ఏరి కాపీ చేసుకునే అలవాటు మానండి. మెమొరీ కార్డులోని ఫోల్డర్లన్నీ యథాతథంగా ఒక ఫోల్డర్‌లోకి రావాలి.

కారణం ఉంది. ఏవీసీహెచ్‌డీ రాసే పాత కెమెరాలు పొడవాటి రికార్డింగ్‌ను ముక్కలుగా విడదీస్తాయి. ఆ ముక్కలను అతికే సమాచారం పక్క ఫోల్డర్లలో ఉంటుంది. వీడియో ఉండే ఎంటీఎస్ ఫైళ్లను మాత్రమే బయటకు లాగితే ముక్కల అతుకు దగ్గర ధ్వని తెగుతుంది. అది సరిగ్గా జీలకర్ర–బెల్లం పెట్టే సమయమైతే అక్కడ అతికించడానికి ఇంకేమీ దొరకదు.

1. ప్రతి కార్డుకూ ఒక ఫోల్డర్. పేరు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌తోనే పెట్టండి. తెలుగు పేర్లు, స్లాష్, కోలన్, ప్రశ్నార్థకం వద్దు. మ్యాక్ ఒప్పుకున్న గుర్తులను విండోస్ ఒప్పుకోదు.
2. వేర్వేరు కార్డుల్లో ఒకే పేరుతో క్లిప్పులు ఉంటాయి. ఎడిటింగ్‌కు ముందే వాటి పేర్లకు కెమెరా గుర్తు చేర్చండి. ఏవీసీహెచ్‌డీ ఫోల్డర్ లోపల మాత్రం పేర్లు మార్చకండి.
3. డావిన్చీ రిజాల్వ్ (ఎడిటింగ్, గ్రేడింగ్ సాఫ్ట్‌వేర్) మీడియా పేజీలోని క్లోన్ టూల్‌తో కాపీ చేస్తే కాపీ సరిగా వచ్చిందో లేదో అదే సరిచూస్తుంది.
4. రెండు డిస్కుల్లో కాపీలు ఉండి, రెండూ తెరిచి చూశాకే కార్డును ఫార్మాట్ చేయండి.

డిస్కు ఫార్మాట్ కూడా ఇక్కడే చూసుకోండి. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కును మ్యాక్ చదువుతుంది కానీ అందులో రాయలేదు. మ్యాక్ వాడే ఏపీఎఫ్ఎస్ డిస్కును విండోస్ అసలు గుర్తించదు. ఎఫ్ఏటీ32లో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. రెండు వైపులా తిరగవలసిన డిస్కుకు ఎక్స్‌ఫ్యాట్ సరైనది. అయితే కాపీ జరుగుతుండగా కరెంటు పోతే ఎక్స్‌ఫ్యాట్ తట్టుకోలేదు. యూపీఎస్ లేకుండా కాపీ పెట్టకండి. సేఫ్‌గా ఎజెక్ట్ చేయకుండా కేబుల్ లాగకండి.

## 4. ప్రతి కెమెరా క్లిప్పునూ మీడియాఇన్ఫోలో చూడండి

మీడియాఇన్ఫో అనేది వీడియో ఫైలు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్, ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఒక్కో పరికరం నుంచి ఒక్కో క్లిప్పును అందులో తెరిచి ఈ ఆరు వరుసలు కాగితం మీద రాసుకోండి:

- ఫార్మాట్: ఏవీసీ అంటే హెచ్.264, హెచ్ఈవీసీ అంటే హెచ్.265
- బిట్ డెప్త్: 8 లేదా 10
- క్రోమా సబ్‌శాంప్లింగ్: 4:2:0 లేదా 4:2:2
- ఫ్రేమ్ రేట్ మోడ్: కాన్‌స్టంట్ లేదా వేరియబుల్
- స్కాన్ టైప్: ప్రోగ్రెసివ్ (పూర్తి ఫ్రేము ఒకేసారి) లేదా ఇంటర్‌లేస్డ్ (గీత విడిచి గీతగా రెండు సగాలు)
- ధ్వని ఫార్మాట్: పీసీఎం (కుదించని ధ్వని), ఏఏసీ, లేదా ఏసీ–3

ఈ కాగితం చేతిలో ఉంటే తర్వాతి నిర్ణయాలన్నీ వాటంతట అవే తేలుతాయి. “మరి నా క్లిప్పు ఎందుకు ఆడడం లేదు?” అని ఎవరినైనా అడగాలన్నా ఈ ఆరూ చెప్తేనే సరైన జవాబు వస్తుంది.

## 5. ఏ కంప్యూటర్ ఏది తెరవగలదు?

జట్టులో అన్నిటికన్నా బలహీనమైన కంప్యూటర్‌ను బట్టే నిర్ణయం ఉండాలి.

విండోస్‌లో రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో మామూలు హెచ్.264 బాగానే నడుస్తుంది. 10 బిట్ 4:2:2 హెచ్.265 దగ్గర ఆగిపోతుంది. చాలామంది చూసే నల్లతెర, ధ్వని మాత్రమే వచ్చే క్లిప్పు ఇవే. లినక్స్‌లో ఉచిత రిజాల్వ్ హెచ్.264, హెచ్.265 రెండింటినీ తెరవదు. దానికి స్టూడియో వెర్షన్ కావాలి. ఏఏసీ ధ్వని లినక్స్ రిజాల్వ్‌లో చాలాకాలంగా ఇబ్బందే కాబట్టి ధ్వనిని పీసీఎంగా మార్చి ఇవ్వడం క్షేమం. లినక్స్‌లోనే కెడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఈ ఆంక్షలు దాదాపు ఉండవు.

ఇక్కడ ఒక హెచ్చరిక. క్లిప్పు తెరుచుకోలేదని ఇంటర్నెట్‌లో దొరికిన కోడెక్ ప్యాకులు ఎక్కించకండి. ప్రీమియర్ (అడోబీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్), రిజాల్వ్ తమ సొంత డీకోడర్లను (కోడెక్‌ను విప్పే భాగాలను) వాడతాయి, ఆ ప్యాకులను పట్టించుకోవు. పైగా అవి అప్పటివరకు బాగున్నవాటిని కూడా చెడగొడతాయి. విండోస్ ప్లేయర్‌లో హెచ్.265 కనిపించాలంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని హెచ్ఈవీసీ ఎక్స్‌టెన్షన్ తీసుకోండి. అంతకుమించి అవసరం లేదు.

## 6. ప్రాక్సీ చాలా, పూర్తి మార్పిడి కావాలా?

ప్రాక్సీ అంటే కట్ చేయడానికి వాడే, అసలు క్లిప్పుకు చిన్న నకలు. పూర్తి మార్పిడి అంటే అసలు క్లిప్పునే ఎడిటింగ్ కోడెక్‌లోకి మార్చడం. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే ఎక్కువ డబ్బు, ఎక్కువ డిస్కు వృథా అవుతున్నాయి. ఇక్కడ కాస్త నిదానంగా ఆలోచించండి.

అసలు క్లిప్పు అందరి దగ్గరా తెరుచుకుంటుంది, కానీ నత్తనడక నడుస్తుంది. అప్పుడు ప్రాక్సీ చాలు. చిన్న ఫైళ్లతో కట్ చేసి, చివర్లో అసలు వాటితో రెండర్ చేస్తారు (పూర్తయిన వీడియో ఫైలుగా రాయిస్తారు).

అసలు క్లిప్పు ఏదో ఒక కంప్యూటర్‌లో తెరుచుకోనే లేదు. అక్కడ ప్రాక్సీతో కట్ చేయవచ్చు కానీ ఫైనల్ రెండర్ చేయలేరు. ఆ కంప్యూటర్ కట్ వరకే పరిమితమైతే ప్రాక్సీ చాలు. గ్రేడింగో, ఫైనలో అక్కడే జరగాలంటే పూర్తి మార్పిడి తప్పదు.

లెక్క ముందే వేసుకోండి. సెకనుకు 100 మెగాబిట్లతో తీసిన 4కె ఫుటేజి గంటకు 45 జీబీ. దాన్నే 25 ఫ్రేముల ప్రోరెస్ 422గా మారిస్తే సెకనుకు 492 మెగాబిట్లు, అంటే గంటకు సుమారు 221 జీబీ. డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ హెచ్‌క్యూఎక్స్ ఇంకా ఎక్కువ తింటుంది. అదే 1080 సైజు ప్రోరెస్ ప్రాక్సీ గంటకు 17 జీబీతో సరిపోతుంది.

వేగం కూడా చూడాలి. 492 మెగాబిట్లంటే సెకనుకు 61 మెగాబైట్ల పైనే. రెండు కెమెరాల క్లిప్పులను ఒకేసారి ఆడించే మల్టీకామ్ పెడితే 120 దాటుతుంది. మామూలు తిరిగే హార్డ్ డిస్క్ అక్కడే చేతులెత్తేస్తుంది. పూర్తి మార్పిడి ఫైళ్లను ఎస్ఎస్‌డీ మీదే ఉంచండి.

రెండింటికీ నడిమార్గం ఒకటుంది, పెళ్లి పనికి నేను దాన్నే సిఫారసు చేస్తాను. ప్రాక్సీలతో కట్ పూర్తి చేయండి. ఆ తర్వాత అసలు ఫుటేజిని తెరవగల కంప్యూటర్‌లో రిజాల్వ్ మీడియా మేనేజ్‌మెంట్‌కు వెళ్లి, టైమ్‌లైన్‌లో వాడిన ముక్కలను మాత్రమే, రెండు పక్కలా 24 ఫ్రేముల అదనంతో మార్చండి. పది గంటల ఫుటేజిలో వాడింది గంటన్నరే అయితే మార్చవలసిందీ దాదాపు అంతే.

## 7. మార్చే క్రమం

షట్టర్ ఎన్‌కోడర్ అనే మార్పిడి సాఫ్ట్‌వేర్ ఉచితం, మూడు సిస్టమ్‌లలోనూ దొరుకుతుంది. రిజాల్వ్‌తో కూడా మార్చవచ్చు. హ్యాండ్‌బ్రేక్ మంచి ఉపకరణమే కానీ ఈ పనికి కాదు. అది ప్రధానంగా చూడటానికి సరిపోయే చిన్న ఫైళ్లు చేయడానికే.

1. క్లిప్పులను కెమెరా వారీగా విడదీసి, ఒక్కో గుంపును విడిగా మార్చండి. అన్నిటినీ ఒకే కుప్పగా వేస్తే ఒక సెట్టింగ్ తప్పు అన్నిటికీ అంటుకుంటుంది.
2. కోడెక్ ఎంచుకోండి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ దారిలో ఉంటే డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్. ఫైనల్ కట్ ప్రో ఉన్న చోటుకు వెళ్లేదైతే ప్రోరెస్.
3. డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్‌లో రకం చూడండి. ఎల్‌బీ ప్రాక్సీకి. ఎస్‌క్యూ, హెచ్‌క్యూ రెండూ 8 బిట్ మాత్రమే. 10 బిట్ ఫుటేజికి హెచ్‌క్యూఎక్స్ వాడాలి. 10 బిట్ లాగ్‌ను హెచ్‌క్యూలో వేస్తే గ్రేడింగ్ వేళ సాయంత్రపు గోదావరి ఆకాశం చారలు చారలుగా విడిపోతుంది.
4. ఫ్రేమ్ రేటు, సైజు అసలు క్లిప్పులో ఉన్నట్టే ఉంచండి.
5. ధ్వని పీసీఎం, 48 కిలోహెర్ట్జ్. చానళ్ల సంఖ్య మారకూడదు. ప్రీమియర్‌లో ప్రాక్సీకీ అసలుకూ ధ్వని చానళ్లు కలవకపోతే అది జత కట్టదు.
6. ఫైలు పేరు, టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ ఉండే సమయపు అంకె) మారకుండా చూడండి. తిరిగి లింకు కట్టేది వీటి ఆధారంగానే.
7. మొదట ప్రతి గుంపు నుంచి ఒక్క క్లిప్పు మార్చి పరీక్షించండి. ఆ తర్వాతే మిగతావి రాత్రికి పెట్టండి.

పరీక్షకు తలంబ్రాల షాటు కంటే మంచిది లేదు. పసుపు బియ్యం వందల గింజలుగా ఒకేసారి కదులుతుంది, వెనక జరీ అంచు మెరుస్తుంటుంది. కుదింపుకు ఇంతకన్నా కష్టమైన బొమ్మ పెళ్లిలో ఉండదు. అసలు క్లిప్పు, మార్చిన క్లిప్పు పక్కపక్కన పెట్టి, నూరు శాతం సైజులో ఒకే ఫ్రేము దగ్గర ఆపండి. గింజలు విడివిడిగా కనిపిస్తే మార్పిడి బాగున్నట్టు. గింజలు కలిసిపోయి పసుపుపచ్చ గళ్లుగా మారితే తక్కువ నాణ్యత రకం పడింది. గళ్లు అసలు క్లిప్పులోనే ఉంటే అది కెమెరా బిట్ రేటు లోపం, మార్పిడితో పోదు.

## 8. ఫోను క్లిప్పులకు ప్రత్యేక శ్రద్ధ

బంధువులు పంపే క్లిప్పుల్లో మూడు రకాల తంటా ఉంటుంది.

వేరియబుల్ ఫ్రేమ్ రేటు. వెలుతురును బట్టి, వేడిని బట్టి ఫోను ఫ్రేముల వేగాన్ని మారుస్తుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఫోనుతో తీసిన పొడవాటి క్లిప్పును టైమ్‌లైన్‌లో వేసి చూడండి. మొదట్లో డప్పు మీద కర్ర పడటం, చప్పుడు వినిపించడం ఒకేసారి జరుగుతాయి. చివరికి వచ్చేసరికి చప్పుడు వెనకబడుతుంది. కత్తిరించి జరపడం దీనికి మందు కాదు. టైమ్‌లైన్‌లోకి తేకముందే స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చాలి. పైన ‘మార్చే క్రమం’లోని నాలుగో అంశానికి ఇదొక్కటే మినహాయింపు.

హెచ్‌డీఆర్. అంటే వెలుగునీడల పరిధిని మామూలు కన్నా ఎక్కువగా పట్టే పద్ధతి. ఐఫోన్ 12 నుంచి డాల్బీ విజన్ హెచ్‌డీఆర్‌లో తీసే వసతి ఉంది. ఆ క్లిప్పు మామూలు టైమ్‌లైన్‌లో పాలిపోయినట్టో, తెల్లగా మాడినట్టో కనిపిస్తుంది. కాంట్రాస్ట్ పెంచి సరిచేయబోకండి. కలర్ మేనేజ్‌మెంట్‌లో దాన్ని హెచ్‌ఎల్‌జీగా (ఒక హెచ్‌డీఆర్ రకం) గుర్తించి, మామూలు టీవీల రంగు ప్రమాణమైన రెక్ 709కు మార్చండి.

వాట్సాప్. వీడియోగా పంపితే కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమని, లేదా డ్రైవ్‌లో పెట్టమని చెప్పండి.

మీ ఐఫోన్‌తోనే తీస్తుంటే కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్ దగ్గర ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే హెచ్.264లో రాస్తుంది. 4కె 60 ఫ్రేములకు మాత్రం ఇది పనికిరాదు, అక్కడ హెచ్.265 తప్పదు. రికార్డ్ వీడియోలో ‘షో పాల్ ఫార్మాట్స్’ ఆన్ చేస్తే 25 ఫ్రేములు కనిపిస్తాయి. హెచ్‌డీఆర్ ఆపేయండి. కంప్యూటర్‌లోకి కేబుల్‌తో దించేటప్పుడు ఫొటోస్ సెట్టింగుల్లో ‘కీప్ ఒరిజినల్స్’ ఉండాలి.

30 ఫ్రేముల క్లిప్పులు ఎలాగూ కొన్ని వస్తాయి. మాటలు లేని షాటైతే వేగాన్ని 83.33 శాతానికి తగ్గించండి, 25లో నున్నగా నడుస్తుంది. మాటలుంటే వేగం ముట్టుకోకుండా ఆప్టికల్ ఫ్లో (మధ్య ఫ్రేములను కంప్యూటరే ఊహించి తయారుచేసే పద్ధతి) ప్రయత్నించండి. ముఖం ముందు చేతులు ఆడే చోట అది బొమ్మను సాగదీస్తుంది, అలాంటప్పుడు మామూలు పద్ధతే మేలు.

## 9. డిస్కు ఇంకో ఊరికి వెళ్లే ముందు

- సాఫ్ట్‌వేర్ వెర్షన్ రెండు చోట్లా ఒకటేనా? కొత్త వెర్షన్‌లో చేసిన ప్రాజెక్టును పాతది తెరవదు. పని మధ్యలో అప్‌డేట్ చేయకండి.
- ఇద్దరూ రిజాల్వ్ వాడితే ప్రాజెక్ట్ ఆర్కైవ్ ఇవ్వండి. ప్రీమియర్ నుంచి రిజాల్వ్‌కు ఎక్స్ఎంఎల్ (కట్‌ల వివరాలు రాసిన ఫైలు). ఫైనల్ కట్‌కు దాని సొంత ఎఫ్‌సీపీఎక్స్ఎంఎల్.
- ఎఫెక్టులు, స్పీడ్ మార్పులు సరిగా దాటకపోవచ్చు. కట్ మొత్తాన్ని టైమ్‌కోడ్ పైన పడేలా ఒక చిన్న హెచ్.264 ఫైలుగా రెండర్ చేసి జత పెట్టండి. అవతలివారు పక్కన పెట్టుకుని పోల్చుకుంటారు.
- ఫుటేజి, సంగీతం, ప్రాక్సీలు, ప్రాజెక్టు అన్నీ ఒకే పెద్ద ఫోల్డర్ కింద ఉన్నాయా?
- ఆ డిస్కును ఇంకో కంప్యూటర్‌లో పెట్టి, ‘మీడియా ఆఫ్‌లైన్’ ఎర్రతెర ఎక్కడా లేదని చూశారా?

తెలుగు టైటిళ్ల గురించి విడిగా చెప్పాలి. యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టిన వధూవరుల పేర్లు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని ఇంగ్లిషు గుర్తులుగా మారిపోతాయి. యూనికోడ్‌లో మండలి, రామభద్ర, గిడుగు వంటి ఉచిత ఫాంట్లు వాడి, ఆ ఫాంటు ఫైలును కూడా డిస్కులో పెట్టండి. ప్రీమియర్‌లో ఒత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కిందున్న టెక్స్ట్ ఇంజిన్‌ను ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’కు మార్చండి. అంతా ఖరారయ్యాక టైటిళ్లను ప్రోరెస్ 4444లో ఆల్ఫాతో (వెనక భాగం పారదర్శకంగా ఉండేలా) రెండర్ చేసి పంపడమే అన్నిటికన్నా భద్రం. ఎవరి పేరులోనూ ఒత్తు ఎగిరిపోదు.

## 10. లక్షణాన్ని బట్టి మందు

ధ్వని ఉంది, బొమ్మ లేదు: డీకోడర్ లేదు. మీడియాఇన్ఫోలో 10 బిట్ 4:2:2 అని ఉంటుంది. తెరవగల కంప్యూటర్‌లో మార్చి తెండి.

బొమ్మ ఉంది, ధ్వని లేదు: ఏసీ–3 లేదా ఏఏసీ. బొమ్మను ముట్టుకోకుండా ధ్వనిని మాత్రం పీసీఎంగా మార్చి, ఎంఓవీలో పెట్టండి. నిమిషాల్లో అయిపోతుంది.

ఆడుతోంది కానీ ఆగి ఆగి: ప్రాక్సీ చేయండి. ముందు డిస్కు వేగం చూడండి, పాత యూఎస్‌బీ కేబుల్ కూడా ఈ పని చేస్తుంది.

కదలికల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు: ఇంటర్‌లేస్డ్ ఫుటేజి. మార్చేటప్పుడే డీఇంటర్‌లేస్ పెట్టండి.

నలుపు బూడిదగా మారింది, లేదా నీడల్లో వివరం పోయింది: నలుపు, తెలుపుల హద్దులు చెప్పే ఫుల్, వీడియో లెవెల్స్ తారుమారయ్యాయి. క్లిప్ అట్రిబ్యూట్స్‌లో డేటా లెవెల్స్ మార్చి చూడండి.

మ్యాక్‌లో ఒక రంగు, విండోస్‌లో ఒక రంగు: ప్లేయర్లను నమ్మి గ్రేడ్ మార్చకండి. క్విక్‌టైమ్ గామాను తనదైన తీరులో చూపిస్తుంది. ఇద్దరూ రెక్ 709 ట్యాగుతో రెండర్ చేసి, ఒకే టీవీ మీద చూసి నిర్ణయించండి.

## 11. ఇంటివారికి ఇచ్చే ఫైలు

వాళ్ల టీవీకి ప్రోరెస్ అక్కర్లేదు. ఎంపీ4, హెచ్.264, 8 బిట్ 4:2:0, ఏఏసీ ధ్వని. 1080కి సెకనుకు 16 మెగాబిట్లు పెట్టండి, తలంబ్రాల దగ్గర గళ్లు కనిపిస్తే 20కి పెంచండి.

16 మెగాబిట్లతో గంట సినిమా 7.2 జీబీ. ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో ఒక్క ఫైలుకు 4 జీబీయే హద్దు కాబట్టి 35 నిమిషాలకు కొంచెం పైవరకే పడుతుంది. ఎక్స్‌ఫ్యాట్ చేస్తే పడుతుంది కానీ కొన్ని పాత టీవీలు దాన్ని చదవవు. అందుకని రెండు పెన్‌డ్రైవులు చేయండి. ఒకటి ఎక్స్‌ఫ్యాట్, పూర్తి సినిమాతో. మరొకటి ఎఫ్ఏటీ32, స్నాతకం, ఎదురుకోలు, ముహూర్తం, అప్పగింతలు ఇలా ఘట్టాల వారీగా పాతిక నిమిషాలు మించని భాగాలుగా. ఇచ్చేటప్పుడు వాళ్ల టీవీలోనే పెట్టి, ప్రతి భాగం మొదలూ చివరా ఆడించి చూపించి రండి.